బాధ్యతలో ఒత్తు ఎక్కడ

ఏప్రిల్ 13, 2025, ఆదివారం

ఉదయం ఆవకాయకు ముక్కలు తుడుస్తుంటే పెయింటర్ లేవి ఫోన్ చేశాడు. బాధ్యత అనే మాటకు ఒత్తు యాడ పెట్టల్ల మేడం అని అడిగాడు. ఎన్నిసార్లు చెప్పాలి ఈ మనిషికి? భద్రతలో ఒత్తు మొదటి అక్షరానిది. బాధ్యతలో రెండో అక్షరానిది. తారుమారు చేసినా చదివేవాడు అదే మాటగా చదువుకుని పోతాడు, కానీ ఆ తప్పు గోడ మీద పదేళ్లు నిలబడి ఉంటుంది. సరే మేడం, నిచ్చెన మీద ఉండా అని పెట్టేశాడు.

ఇవాళ మట్టల ఆదివారం. లేవి చర్చిలో మట్ట పట్టుకుని ఉండవలసిన వేళ. నిచ్చెన మీద ఏం చేస్తున్నాడో అడగాలని తోచలేదు.

జూలై 2, బుధవారం

కోర్టు నోటీసు వచ్చింది. నా పేరు మీద. డెబ్భై ఆరేళ్లలో ఇదే మొదటిది.

నేను జామీను ఉన్న లేవి అనే వ్యక్తి ప్రొబేషన్ అధికారి ముందు హాజరు కావడం మానేసి పరారీలో ఉన్నాడట. అతని బాండు ఎందుకు రద్దు చేయకూడదో ఈ నెల 24న నేను కోర్టుకు వచ్చి చెప్పాలట.

పరారీ! మొన్న శుక్రవారం నా గేటుకు రంగు వేసి, రెండు గ్లాసుల మజ్జిగ తాగి, మూడో గ్లాసు వద్దని మొహమాటపడి వెళ్లిన మనిషి పరారీ!

కోపంలో వివరాలు జారిపోతాయి. రాసిపెట్టుకుంటాను.

లేవి గోడల మీద అక్షరాలు రాస్తాడు. ఆరేళ్ల క్రితం మా ఎదురు గోడ మీద మున్సిపాలిటీ వారి కోసం 'పరిశుభ్రత మన భాద్యత' అని రాస్తుంటే తడిగుడ్డ పట్టుకుని వీధిలోకి వెళ్లాను. వాళ్లిచ్చిన చీటీలో అట్లనే ఉండాది మేడం అన్నాడు. వాళ్ల అజ్ఞానాన్ని రెండడుగుల ఎత్తున రాయవలసిన అవసరం నీకేమిటి అన్నాను. ఒక్క మాట ఎదురు చెప్పకుండా తుడిచి మళ్లీ రాశాడు. ఆనాటి నుంచి కష్టమైన మాట ఏది వచ్చినా ముందు నాకు ఫోన్ చేస్తాడు. డిగ్రీ కాలేజీలో జీవితమంతా తెలుగు చెప్పాను. ఇన్ని సందేహాలు అడిగిన విద్యార్థి లేడు.

రెండేళ్ల క్రితం క్రిస్మస్ ముందు వాళ్ల చర్చి గోడ మీద బైబిలు వాక్యం రాసి దిగాడు. రంగు ఆరలేదు. దారిన పోయేవాడొకడు దాని మీద గుట్కా ఉమ్మాడు. లేవి చేతిలో వెదురు కర్ర ఉంది. కొట్టాడు. వాడి మణికట్టు విరిగింది. వాణ్ని ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయింది కూడా లేవే. పోయిన డిసెంబరులో కోర్టు తప్పు రుజువైందని చెప్పింది. మొదటి తప్పు, మంచి పేరు ఉన్నవాడు కాబట్టి జైలు వేయకుండా ఏడాది ప్రొబేషన్ మీద వదిలింది. నెలకోసారి, మొదటి సోమవారం, ప్రొబేషన్ ఆఫీసులో కనిపించాలి. షరతు తప్పితే జైలు. వకీలు ఆనాడే స్పష్టంగా చెప్పాడు.

జామీను ఉండమని నన్నెవరూ అడగలేదు. నేనే వెళ్లాను. చిరునామా కూడా నేనే రాశాను. చర్చి వెనుక రెండో సందు, నీలం తలుపు, ఇంటి నంబరుతో సహా.

జూలై 2, సాయంత్రం

స్కూటీ వేసుకుని వెళ్లాను. నీలం తలుపు పక్కన అడుగు ఎత్తు అక్షరాలతో 'లేవి ఆర్ట్స్' అని ఉంది. పరారీలో ఉన్న మనిషి అరుగు మీద కూర్చుని కిరసనాయిలులో బ్రష్షులు కడుగుతున్నాడు.

ప్రొబేషన్ ఆఫీసుకు ఎందుకు పోవడం లేదని అడిగాను. పోతాండా కదా మేడం, వారం వారం సంతకం పెడతాండా అన్నాడు. ఎక్కడ పెడుతున్నావు అన్నాను. స్టేషన్లో అన్నాడు.

మార్చిలో రంగస్వామి అనే కానిస్టేబుల్ ఇతను పని చేసే చోటికి బండి మీద వచ్చాడట. ఏమప్పా పెయింటరూ, నీ మీద కేసు ఉండాదంట కదా, ఇంగ ఆదివారం ఆదివారం ఈడికొచ్చి సంతకం పెట్టిపో, ఎస్సై సార్ చెప్పినాడు అన్నాడట. అంతకుముందు జనవరిలో, ఫిబ్రవరిలో లేవి ప్రొబేషన్ ఆఫీసుకు వెళ్లి పెట్టిందీ సంతకమే. అందుకని ఆ సంతకాన్ని ఇంటికి దగ్గరగా మార్చారని అనుకున్నాడు. సర్కారు ఒకటే కదా మేడం, రెండు తావుల ఏంటికి పెట్టల్ల అన్నాడు. సోమవారం కూలి పోదని సంతోషపడ్డాడట కూడా. ఆదివారం చర్చి పోతుందన్నదొక్కటే బాధ.

ఒకటి చట్టం పెట్టించే సంతకం. మరొకటి ఏ చట్టంలోనూ లేని సంతకం. లేవి నోట రెండూ ఒకటే మాట. కేకలు వేశాను. కనీసం నన్నడగవద్దా అన్నాను. అప్పుడు అతని భార్య స్తుతి, మిషను మీద జాకెట్టు కుడుతూనే, తల ఎత్తకుండా, ఈయప్పకు ఒత్తులు తెలుస్తాయి గానీ ఆఫీసులు తెలీవు మేడం అంది.

సంతకం ఒక్క నిమిషం పనేనట. నిచ్చెన మాత్రం మధ్యాహ్నం దాకా. పెయింటరని తెలిశాక స్టేషన్లో గేటు, పూలకుండీలు, జీపు నంబరు, చివరికి ముందు గోడ మీద 'మీ భద్రత – మా బాధ్యత' అన్నీ ఇతని చేతే రాయించారు. మట్టల ఆదివారం నాకు ఫోన్ చేసింది ఆ గోడ దగ్గరి నుంచే.

జూలై 3, గురువారం

ప్రొబేషన్ అధికారి ఆరాధన నా విద్యార్థిని. నేను చదువు చెప్పిన ఆఖరి బ్యాచ్. చూడగానే లేచి నిలబడింది. కుర్చీ తుడిపించింది. కాఫీ తెప్పించింది. మర్యాద అంతా అయ్యాక ఫైలు తీసింది.

లేవి రాకపోవడంతో మూడు నోటీసులు పంపిందట. ఎవరి ద్వారా? ఆ స్టేషన్ ద్వారానే. నోటీసు అందజేయవలసింది వాళ్లే. మూడూ తిరిగి వచ్చాయి. వెనుక రాత చదివి వినిపించింది. సదరు ఆసామి చిరునామాలో లేడు, ఆచూకీ తెలియరాలేదు. కింద రంగస్వామి సంతకం.

ఆ రంగస్వామే! ఆదివారం సంతకానికి పిలిచినవాడే! గోడకు నిచ్చెన వేసి మనిషి బాధ్యత అని రాస్తున్నాడు. గోడ లోపల కూర్చున్నవాళ్లు అతని ఆచూకీ తెలియదని రాస్తున్నారు. ఇది నేను క్లాసులో కథగా చెబితే పిల్లలు నమ్మేవారు కాదు.

నువ్వు ఒక్కసారి ఆ ఇంటికి వెళ్లి చూడలేదా అన్నాను. బండి లేదట. రెండు జిల్లాలు తానే చూడాలట. పోనీ ఎస్సైకి ఒక ఫోన్ చేయలేదా అన్నాను. ఫైలు మూసి పక్కన పెట్టింది. తర్వాత చెప్పింది. పోయిన ఏడాది ఏదో కేసు పని మీద స్టేషనుకు వెళ్తే బెంచీ మీద కూర్చోబెట్టి మధ్యాహ్నం వరకు లోపలికి పిలవలేదట. దొంగతనం కేసోని పక్కన కూర్చున్న్యా మేడం, వాడు నన్ను నీదేం కేసక్కా అని అడిగినాడు అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సంగతి పై అధికారులకు రాసిందట. ఆనాటి నుంచి ఈమె పంపిన ఏ కాగితానికీ ఆ స్టేషన్లో దిక్కు లేదు.

నీ అవమానం నాకర్థమైంది, కానీ జైలుకు పోయేది లేవి అన్నాను. మీరు ఎస్సై దగ్గర ఒక కాగితం తెచ్చియ్యండి మేడం, ఆదివారాలు ఈడ ఉన్నాడని, నేను రిపోర్టు మార్చి రాస్తా అంది.

రెండు సర్కారు ఆఫీసులు. మధ్య అరకిలోమీటరు దూరం. ఆ దూరం నడవడానికి ఒక పెన్షనర్ కావాలి.

జూలై 4, శుక్రవారం

ఎస్సై ఆంజనేయ ముప్పై దాటని మనిషి. ఈ వయసులో స్కూటీ ఏంటికి శివలీల మేడం, ఫోన్ చేస్తే జీపు పంపుంటా కదా అన్నాడు. పోలీసు జీపులో నన్ను ఎక్కించుకుపోతే మా వీధి ఏమనుకుంటుందో ఆయనకు తోచలేదు.

ప్రొబేషన్ మాట ఎత్తగానే నవ్వాడు. ప్రొబేషనా? అది నాకూ అయింది మేడం, రెండేండ్లు, పర్మనెంటు అయినాక ఎవురూ అడగలే అన్నాడు. చుట్టూ ఉన్న కానిస్టేబుళ్లు నవ్వారు. శిక్ష బదులు మనిషికి ఇచ్చే అవకాశాన్ని ప్రొబేషన్ అంటారని, దానికి ఒక చట్టం ఉన్నదని, అది నేను పిల్లగా ఉన్నప్పుడే వచ్చిందని చెప్పాను. నవ్వు ఆగింది.

కాగితం అడిగాను. ఆదివారం సంతకమా? అట్లాంటిది మా స్టేషన్లో లేదు మేడం, ఎవరు చెప్పినారు మీకు అన్నాడు.

అర్థమైంది. పిలిచానని ఒప్పుకుంటే ఏ ఉత్తర్వు మీద పిలిచావని అడుగుతారు. గోడ రాయించానని ఒప్పుకుంటే కూలి ఏదని అడుగుతారు. కాబట్టి ఆదివారాలే లేవు.

మరి బయట గోడ ఎవరు రాశారు అన్నాను. ఎవరో పెయింటరు, భక్తితో రాసిపోయినాడు అన్నాడు. భక్తి! లేచి వస్తుంటే వెనక నుంచి ఇంకో మాట అన్నాడు. మీ శిష్యురాలికి చెప్పండి మేడం, పైకి కాగితం రాసే ముందు నాకొక్క ఫోన్ కొట్టుంటే అయిపోయుండు.

ఆమె ఫోన్ చేయదు. ఈయన ఫోన్ ఎత్తడు.

బయటికి వచ్చి గోడ ముందు నిలబడ్డాను. నీలం మీద తెలుపు. గుండ్రని, నిండైన అక్షరాలు. ఒత్తులు రెండూ ఉండవలసిన చోటే ఉన్నాయి. ఇవాళ నాకు అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించింది అదే. అంత పొందికగా రాసి ఇచ్చాడు వీళ్లకు!

జూలై 5, శనివారం

బీపీ మాత్ర వేసుకున్నానో లేదో గుర్తు లేదు. ఎస్సై నవ్వు గుర్తుంది.

జూలై 6, ఆదివారం

స్టేషనుకు పోవద్దని లేవికి గట్టిగా చెప్పాను. పోయాడు. పోకుంటే ఇంటికొస్తారు మేడం, పిల్లోళ్లు బెదురుకుంటారు అన్నాడని స్తుతి ఫోన్‌లో చెప్పింది.

నేనూ వెళ్లాను. ఎస్సై మహానందికి బందోబస్తు మీద పోయాడట. లేవి జెండా దిమ్మెకు రంగు వేస్తున్నాడు. పంద్రాగస్టుకు ఇప్పటి నుంచే. రంగస్వామి పక్కనే కుర్చీ వేసుకుని వేరుశెనక్కాయలు వలుచుకుంటూ, అంచు వంకర పోతాంది సూడప్పా అని హెచ్చరిస్తున్నాడు.

లేవి ఆచూకీ తెలియదని మూడుసార్లు రాసింది మీరేనా అని అడిగాను. లేవి ఎవరు మేడం అన్నాడు. చేయి చూపించాను. రంగస్వామి దిమ్మె వైపు చూశాడు, నా వైపు చూశాడు. నీ పేరు లేవినా అప్పా అని అతన్నే అడిగాడు. అవునన్నాడు లేవి. అయ్యో, మాకు పెయింటరప్ప అంటే గదా తెలిసేది మేడం అన్నాడు. అతను అబద్ధం చెబుతున్నట్టు లేదు. ఇన్ని ఆదివారాలు సంతకం పెట్టించుకుని ఒక్కసారి కూడా ఆ సంతకం చదవలేదు.

మరి నోటీసు తీసుకుని ఆ ఇంటికి ఎందుకు పోలేదు అన్నాను. ఆ ఆఫీసు కాగితాలకు ఎవరూ తిరిగే పన్లేదని సార్ చెప్పినాడు మేడం అని గొంతు తగ్గించాడు. ఈ మాటే రాసి ఇవ్వమన్నాను. చేతిలోని శెనక్కాయలు జేబులో వేసుకుని లేచి నిలబడ్డాడు. నన్ను ఇడిచిపెట్టండి మేడం, రిటైరుమెంటు దగ్గరికొచ్చింది, మీకు పున్నెముంటాది అన్నాడు.

లేవి దిమ్మె దగ్గర వంగి అంచు సరిచేసుకుంటున్నాడు.

జూలై 7, సోమవారం

మొదటి సోమవారం. లేవిని వెంటబెట్టుకుని ఆరాధన ముందు నిలబెట్టాను. ఇదిగో నీ పరారీ అన్నాను. రిజిస్టరులో సంతకం పెట్టనివ్వలేదు. పరారీ రిపోర్టు కోర్టుకు పోయాక ఆ మనిషి ఎదురుగా వచ్చి నిలబడితే ఏం చేయాలో రూల్సులో లేదట. నేనేం చేయాల మేడం అని నన్నే అడిగింది. లేవి ఆమె బల్ల మీది నేమ్ బోర్డు వైపు చూస్తూ, మీ అధికారిలో ధకు ఒత్తు పోయింది మేడం, రంగు తెచ్చి దిద్దిపోతా అన్నాడు.

ఈ మనిషిని కొట్టాలో ఏం చేయాలో తెలియలేదు.

జూలై 14, సోమవారం

కోర్టుకు ఇవ్వడానికి అర్జీ రాశాను. నాలుగు పేజీలు. మార్చి నుంచి జరిగింది జరిగినట్టు. ఎస్సై నవ్వు తప్ప ఏదీ వదల్లేదు. ఉచిత న్యాయసహాయం కింద లేవికి ఇచ్చిన వకీలు చదివి భాష అద్భుతంగా ఉంది మేడం అన్నాడు. ఆ మెచ్చుకోలు నాకు అక్కరలేదన్నాను. పోలీసుల మీద ఇంత మాట వస్తే జడ్జిగారు వాళ్లకు నోటీసిస్తారు, వాళ్లు అవన్నీ కాదని జవాబు వేస్తారు, అది తేలేదాకా పరారీ రిపోర్టు అట్లనే ఉంటాది, అప్పుడు లేవిని లోపల వేసినా వేయొచ్చు అన్నాడు.

అయినా లేవికి ఒక ప్రతి ఇచ్చాను; ఒక ప్రతి ఆరాధనకు, ఒక ప్రతి ఎస్సైకి రిజిస్టరు పోస్టులో పంపాను. రాసింది దాచుకునే అలవాటు నాకు లేదు.

జూలై 18, శుక్రవారం

ఆరాధన ఫోన్ చేసింది. గొంతులో ఉత్సాహం. మేము మాట్లాడుకున్నాం మేడం అంది. ఎవరు? తానూ, ఎస్సై గారూనట. ఎస్సై గారే ఫోన్ చేసి అక్కా అని పిలిచాడట. నా నాలుగు పేజీలు చదివి ఇద్దరికీ ఒకే రోజు బుద్ధి వచ్చిందనుకున్నాను. ఒక్క నిమిషం, ఒకే ఒక్క నిమిషం, సంతోషించాను.

తర్వాత పరిష్కారం చెప్పింది.

పోలీసులు తప్పుగా రాయలేదు. ఆమె తొందరపడి రిపోర్టు పంపలేదు. చిరునామా అసంపూర్ణంగా ఇచ్చినందువల్ల నోటీసులు అందలేదు. అందుచేత లేవికి హాజరు కావాలన్న సంగతి తెలియలేదు. ఇకపై సక్రమంగా వస్తానని లేవి ఒక హామీపత్రం ఇస్తాడు. అవును, చిరునామాలో లోపం నాదే అని జామీనుదారు దాని కింద సంతకం పెడుతుంది. కోర్టు మందలించి వదిలేస్తుంది. నా అర్జీ మాత్రం దాఖలు చేయకూడదు. ఎవరిదీ తప్పు లేకుండా అయిపోతాది మేడం అంది.

ఎవరిదీ!

చర్చి వెనుక రెండో సందు, నీలం తలుపు, ఇంటి నంబరు. ఇందులో ఏది అసంపూర్ణం? జీవితమంతా ఒక్క కామా తప్పు పోనివ్వని మనిషిని నేను. ఏడాది పాటు ఒకరి ముఖం ఒకరు చూడని ఇద్దరు ఆఫీసర్లు మొదటిసారి కలిసి చేసిన పని ఇది. ఈ ఒత్తు నీదా నాదా అని ఇంతకాలం తగవు పడ్డారు. ఇప్పుడు ఇద్దరూ కలిసి దాన్ని నా నెత్తిన పెట్టారు. మాట చదవడానికి అలాగే ఉంటుంది. ఎవరూ తేడా పట్టుకోరు.

చెయ్యను అని చెప్పాను. ఫోన్ పెట్టేశాను. మళ్లీ మోగింది. ఎత్తలేదు.

జూలై 19, శనివారం

స్తుతి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. ఆరాధన మేడం ఇంటికొచ్చి చెప్పింది అంది. బండి లేదన్న ఆరాధన. రెండో సందు, నీలం తలుపు ఆమెకు దొరికాయన్నమాట!

అబద్ధం మీద సంతకం పెట్టమంటావా అని స్తుతిని అడిగాను. అబద్ధమే మేడం, ఎవరు కాదన్న్యారు అంది. మీ నాలుగు పేజీలు ఈయప్ప నాకు చదివి వినిపించినాడు, శానా బాగుండాయి, మీ మాట గెలిచేదానికి మా ఆయప్ప జైలుకు పోవల్లనా అంది. వాడు నీ మొగుడే కాదు, ఆరేళ్లుగా నా విద్యార్థి కూడా అన్నాను. అట్లయితే మీకు ఇంగొక విద్యార్థి దొరుకుతాడు మేడం అంది. నాకు ఇంగొక మొగుడు యాడ దొరుకుతాడు?

అని నవ్వింది. నవ్వి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గేటు దాకా నేనూ వెళ్లాను. నువ్వంటే కోపం లేదు అని చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. నిజానికి ఉంది. తప్పు చేసినవాళ్లు ఇద్దరూ నన్ను మర్యాదగా అడిగారు. ఏ తప్పూ చేయని మనిషి నిలదీసింది. అందుకే.

జూలై 23, బుధవారం

రేపు ఏం చేస్తానో నాకు తెలియదు. ఈ వాక్యం రాయడానికి సిగ్గుగా ఉంది.

జూలై 24, గురువారం

అర్జీ సంచిలో పెట్టుకుని వెళ్లాను. కోర్టు వరండాలో వేడి నేల నుంచి పైకి కొడుతోంది. ఆరాధన, ఎస్సై ఒకే బెంచీ మీద కూర్చుని ఉన్నారు. ఎస్సై ఆమెకు నీళ్ల సీసా అందించాడు. ఆమె తాగింది. పోయిన ఏడాది బెంచీ ఆ గుటకతో తీరిపోయినట్టుంది.

హామీపత్రం స్టేషన్లోనే టైపు చేయించారట. నాకిచ్చారు. చదివాను. చిరునామా అసంపూర్ణం. జామీనుదారు పొరపాటు. చివరి వాక్యం: ఇకపై భాద్యతతో మెలగుతాను.

భాద్యతతో!

సంచిలో నాలుగు పేజీలు ఉన్నాయి. లోపలికి వెళ్లి వాటిని బల్ల మీద పెట్టడానికి నాకు ఎవరి అనుమతీ అక్కరలేదు. స్తుతి స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. ఆమె నన్ను చూడటం లేదు. లేవి చేతుల వైపు చూస్తోంది. ఈ చేతులు రేపు ఎక్కడ ఉంటాయో అన్నట్టు.

లేవికి పెన్ను ఇచ్చారు. కాగితం తీసుకుని వెంటనే సంతకం పెట్టలేదు. ఎస్సై మొహం మారింది. ఏమప్పా, పెట్టు, టైమయితాంది అన్నాడు. లేవి వంగి, భ కింది ఒత్తు మీద చిన్న గీత కొట్టి, ద కింద ఒత్తు పెట్టాడు. నెమ్మదిగా, నేర్పుగా. ఈడ తప్పుండాది సార్ అన్నాడు. ఒక్కటేనా అన్నాను నేను. లేవి నా మొహం వైపు చూశాడు. నాకు దిద్దడానికి వచ్చేది ఇదొక్కటే మేడం అన్నాడు.

తర్వాత సంతకం పెట్టాడు. పెన్ను నాకిచ్చాడు.

పెట్టాను.

లోపల అంతా నాలుగు నిమిషాల్లో అయిపోయింది. మేజిస్ట్రేట్ లేవిని మందలించారు. జామీనుదారు ఇకపై వివరాలు జాగ్రత్తగా ఇవ్వాలని నాకూ చెప్పారు. చిత్తం అన్నాను. ఆ మాట నా నోటి నుంచి ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చిందో లేదో గుర్తు లేదు. బాండు కొనసాగుతుంది. లేవి డిసెంబరు దాకా బయటే ఉంటాడు.

ఆరాధన వంగి నా కాళ్లకు దండం పెట్టబోయింది. వెనక్కి జరిగాను. ఎస్సై మాత్రం సంతోషంగా లేవి భుజం తట్టి, పోయిరాప్పా అన్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, ఆదివారం మర్చిపోవద్దు, జెండా దిమ్మె సగంలో ఉండాది అన్నాడు.

జూలై 25, శుక్రవారం

ఆదివారం చర్చికి పొమ్మని లేవికి చెప్పాను. మరి స్టేషన్ మేడం అన్నాడు. అది నా పని అన్నాను.

జూలై 27, ఆదివారం, ఉదయం 9

ఇది స్టేషన్ బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. మజ్జిగ సీసా, గొడుగు తెచ్చుకున్నాను. డిసెంబరు వరకు ప్రతి ఆదివారం వస్తానని రంగస్వామికి చెప్పాను. పక్కనున్న కుర్రవాడు నీదేం కేసవ్వా అని అడిగాడు. ఎస్సై బయటికి వచ్చి, మీరు ఈడ ఏంటికి మేడం, మీకేం సంబంధం అన్నాడు.

నేనిచ్చిన చిరునామా అసంపూర్ణమట కదా, పూర్తి చేయడానికి వచ్చాను అన్నాను.